అరచేతిలో ఆటలు

ఆట మానవునికి పుట్టుకతో వచ్చిన అభిరుచి. చింతగింజలతో వామనగుంటలు, గవ్వలతో అష్టాచెమ్మా, నేల మీద గీసిన గీతలపై పులి-మేక ఆడుకుంటూ తెలుగు లోగిళ్ళలో తరాలు గడిచాయి. ఆ ఆటలకు కావలసిన సామగ్రి పెరట్లోనే దొరికేది. ఆట ముగిశాక దానిని దాచడానికి గోడలోని చిన్న గూడు చాలేది. నేటి యువతరం చేతికి వచ్చిన ఆట వేరు. అరచేతులలో ఇమిడే ఒక యంత్రం, దానికొక తెర, ఇరువైపులా మీటలు, లోపల పదుల కొద్దీ ఆటలకు చోటు. దీనినే హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ అంటారు. ఈ యంత్రాన్ని కొనేవారి ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. ఏ ఆటలు కొనాలి? వాటిని ఎక్కడ నిల్వ చేయాలి?

పైకి చూస్తే మొదటి ప్రశ్న అభిరుచికి, రెండవది లెక్కకు సంబంధించినవిగా తోస్తాయి. లోతుగా ఆలోచిస్తే ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. తనకు ఏ ఆట తగినదో తెలిసినవారికే తనకు ఎంత చోటు కావాలో తెలుస్తుంది. అయితే అంగడిలో తరచుగా జరిగేది ఇందుకు విరుద్ధం. ముందుగా అతిపెద్ద మెమరీ కార్డును కొంటారు. ఆ తరువాత దానిని నింపడానికి ఆటలను వెదుకుతారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. ఎంపిక ముందు, నిల్వ తరువాత అన్నదే సరైన వరుస. ఈ వరుస తప్పితే ధనము, కాలము రెండూ వృథా అవుతాయి.

ఈ యంత్రాల చరిత్రను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ఆటలను మార్చుకొనే వీలున్న తొలి చేతి యంత్రం మైక్రోవిజన్ 1979లో అమెరికాలో వెలువడింది. మరుసటి సంవత్సరం జపాను దేశపు నింటెండో సంస్థ గేమ్ అండ్ వాచ్ అనే చిన్న యంత్రాలను తెచ్చింది. నింటెండో 1889లో క్యోటో నగరంలో పేకముక్కల తయారీతో మొదలైన సంస్థ. గేమ్ అండ్ వాచ్‌ను రూపొందించిన గున్‌పెయ్ యొకొయ్ కాలిక్యులేటర్లలో వాడే చవకైన ద్రవస్ఫటిక తెరనే ఆటకు ఉపయోగించాడు. వాటిలో చాలావరకు ఒక్కో యంత్రానికి ఒక్కటే ఆట. నిల్వ అనే సమస్యే అక్కడ లేదు.

1989లో యొకొయ్ బృందమే గేమ్ బాయ్‌ను రూపొందించింది. దాని తెరకు రంగులు లేవు. పచ్చదనం కలిసిన నాలుగు ఛాయలు మాత్రమే ఉండేవి. అదే కాలంలో అటారి లింక్స్, సెగా గేమ్ గేర్ అనే యంత్రాలు రంగుల తెరలతో పోటీకి దిగాయి. గేమ్ గేర్‌కు ఆరు బ్యాటరీలు వేసినా కొద్ది గంటలలోనే అవి నిండుకొనేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతోనే అంతకన్నా ఎంతో ఎక్కువసేపు పనిచేసేది. బాగా నలిగిన, చవకైన పరిజ్ఞానాన్ని కొత్త విధంగా వాడుకోవాలన్నది యొకొయ్ సిద్ధాంతం. ఆ సిద్ధాంతమే గెలిచింది. గేమ్ బాయ్, దాని తరువాతి రంగుల రూపం కలిపి ప్రపంచవ్యాప్తంగా 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

ఆ విజయంలో అధిక భాగం ఒక ఆటకు చెందుతుంది. అమెరికాలో గేమ్ బాయ్‌తోపాటే టెట్రిస్ అనే ఆటను జతచేసి అమ్మారు. 1980ల మధ్యలో మాస్కోలోని ఒక ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ దానిని సృష్టించాడు. పైనుంచి జారిపడే ముక్కలను వరుసగా పేర్చడమే అందులోని ఆట. గేమ్ బాయ్ కోసం తయారైన టెట్రిస్ పరిమాణం 32 కిలోబైట్లు మాత్రమే. నేడు సాధారణమైన 32 గిగాబైట్ల కార్డులో అటువంటి ఆటలు లెక్కప్రకారం పది లక్షలు పడతాయి. ఆ 32 కిలోబైట్ల ఆటను కోట్లాది ప్రజలు సంవత్సరాల తరబడి విసుగు లేకుండా ఆడారు. ఆట ఆక్రమించే చోటుకూ, అది ఇచ్చే ఆనందానికీ సంబంధం లేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఈ సత్యానికి మరొక నిదర్శనం తెలుగునాట తిరునాళ్ళ అంగళ్ళలోనే కనిపించింది. 1990లలో, ఆ తరువాత కొంతకాలం, చిన్న చిన్న చవక ఆటయంత్రాలు అక్కడ విరివిగా అమ్ముడయ్యేవి. కొన్నింటి పెట్టె మీద 9999 ఆటలు అని ముద్రించి ఉండేది. ఆ అంకె చూసి పిల్లలు ముచ్చటపడేవారు. ఇంటికి తెచ్చి ఆడితే అసలు ఆటలు పది పన్నెండుకు మించేవి కావు. ఒకే ఆటకు వేగాన్ని మార్చి ఒక అంకె, మెట్టును మార్చి మరొక అంకె వేసి, వేలకు వేలు లెక్క చూపేవారు. ఆ యంత్రాలు పిల్లలకు ఆనందం ఇవ్వలేదని కాదు. ఆ ఆనందాన్ని ఇచ్చినవి పెట్టె మీది 9999 కావు. మళ్ళీ మళ్ళీ ఆడాలనిపించిన ఒకటి రెండు ఆటలే.

నేడు ఆ పెట్టె మీది అంకె మరో రూపం దాల్చింది. అంతర్జాలంలోని ఆటల దుకాణాలు పండుగలకూ పబ్బాలకూ ధరలు తగ్గిస్తాయి. వంద ఆటలను ఒక్క మూటగా కట్టి స్వల్పధరకు ఇస్తాయి. చవకగా వస్తున్నదన్న ఒక్క కారణంతో కొన్న ఆటలు కార్డులో పేరుకుపోతాయి. వాటిలో అనేకం ఒక్కసారి కూడా తెరవబడవు. చోటు నిండిందని కొత్త కార్డు కొంటారు. చోటు మిగిలిందని మళ్ళీ ఆటలు కొంటారు. ఈ వలయంలో లాభపడేది అమ్మేవారే గాని ఆడేవారు కారు.

ఇక్కడ కాలాన్ని గూర్చి చిన్న లెక్క వేసుకోవడం మంచిది. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి కళాశాల, ఇంటిపని, చదువు, నిద్ర పోగా ఆటకు వారానికి మూడు గంటలు చిక్కుతాయని అనుకుందాం. సుదీర్ఘమైన కథ గల పెద్ద ఆట ముగియడానికి 60 గంటలు పడితే, ఆ ఒక్క ఆటకే 20 వారాలు కావాలి. అంటే విద్యా సంవత్సరంలో దాదాపు సగభాగం. ఈ లెక్కన అటువంటి ఆటలు సంవత్సరానికి రెండు చాలు. నలభై కొన్నవారు వాటిని ఆడాలంటే ఇరవై ఏళ్ళు ఆగాలి. లేదా చదువు కాలాన్ని, నిద్రను ఆటకు ధారపోయాలి. రెండవ దారి ప్రమాదకరమైనది. ఆటపై అదుపు తప్పి, మిగిలిన పనులన్నింటికంటె ఆటే ముఖ్యమై, హాని కలుగుతున్నా మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చింది. 2019లో ఆమోదం పొందిన ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఆడేవారందరూ ఆ స్థితికి చేరుతారని భావించరాదు. అయినా, పరిమితి ఏర్పరచుకోవడం ఎంపికలో మొదటి మెట్టు అని గ్రహించాలి.

మరి ఎంపికకు కొలమానాలు ఏవి? మొదటిది, ఆడే సందర్భం. చేతి యంత్రాన్ని బస్సులోనో, విరామ సమయంలోనో కొద్దిసేపు ఆడతారు. ఎక్కడంటే అక్కడ ఆపి, తిరిగి అక్కడినుంచే మొదలుపెట్టే వీలున్న ఆట ఇందుకు తగినది. రెండవది, తిరిగి ఆడాలనిపించే గుణం. ఒక్కసారితో రహస్యం తెలిసిపోయే ఆటకంటె, ఆడిన ప్రతిసారీ కొత్త ఎత్తు వేయనిచ్చే ఆట విలువైనది. మూడవది, కలిసి ఆడే వీలు. ఒకే తెర ముందు అన్నాచెల్లెళ్ళు కూర్చొని ఆడగలిగితే ఆ ఆట ఇంటిల్లిపాదికీ చెందుతుంది. నాలుగవది, దాగిన ఖర్చు. ఉచితమని ఊరించి, లోపలికి వెళ్ళాక అడుగడుగునా డబ్బు అడిగే ఆట చివరకు అన్నింటికంటె ఖరీదైనదిగా తేలుతుంది. ఐదవది, వయసుకు తగినదా కాదా అన్న విచక్షణ. ఇందుకోసం ఆట పెట్టె మీద వయఃపరిమితి గుర్తులు ఉంటాయి.

ఈ కొలమానాలలో పరిమాణానికి చోటు లేకపోవడం గమనార్హం. 2016లో విడుదలైన స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటను ఎరిక్ బరోన్ అనే యువకుడు ఒంటరిగా, నాలుగేళ్ళకు పైగా శ్రమించి నిర్మించాడు. తాత విడిచివెళ్ళిన పొలాన్ని దున్ని, విత్తి, పంట పండించడమే ఆ ఆటలోని కథ. కంప్యూటరుపై దానికి కావలసిన చోటు సుమారు అర గిగాబైటు. 2023లో వెలువడి ఎన్నో బహుమతులు గెలిచిన బాల్డర్స్ గేట్ 3 కు 150 గిగాబైట్లు కావాలి. రెండూ మంచి ఆటలే. కాని రెండవది ఉండే చోటులో మొదటిదాని వంటివి మూడు వందలు పడతాయి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రపు తొలి చవక రకంలో మొత్తం చోటే 64 గిగాబైట్లు. బాల్డర్స్ గేట్ 3 ను కోరుకొనేవారికి ఆ రకం చాలదు; స్టార్‌డ్యూ వ్యాలీతో తృప్తిపడేవారికి అది పుష్కలం. ఏ ఆట కావాలో తేల్చుకోకుండా ఎంత చోటు కావాలో తేల్చడం అసాధ్యమని దీనివల్ల తెలుస్తుంది.

ఆటలు నిర్ణయమైన తరువాతనే నిల్వ సంగతి ఆలోచించాలి. నేటి మెమరీ కార్డులన్నీ ఫ్లాష్ మెమరీ అనే పరిజ్ఞానంపై ఆధారపడ్డాయి. 1980లలో జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసుఒక దీనిని కనిపెట్టాడు. సూక్ష్మమైన గదులలో విద్యుదావేశాన్ని బంధించి సమాచారాన్ని నిలపడం దీని సూత్రం. కరెంటు లేకపోయినా సమాచారం నిలుస్తుంది. అయితే ఈ గదులు శాశ్వతం కావు. పదే పదే చెరిపి రాస్తే అరిగిపోతాయి. ఏళ్ళ తరబడి వాడకుండా పడవేస్తే ఆవేశం క్రమంగా జారిపోవచ్చు. కనుక కార్డును పెట్టెలో పెట్టి మరచిపోయే భోషాణంగా భావించరాదు.

కార్డు మీది అంకెను అర్థం చేసుకోవడం కూడా అవసరం. 64 గిగాబైట్ల కార్డును యంత్రంలో పెట్టినప్పుడు అనేక సందర్భాలలో సుమారు 59 అనే కనిపిస్తుంది. ఇది మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు. యంత్రం 1024 చొప్పున లెక్కిస్తుంది. యంత్రంలోనే ఉండే చోటులో కొంత భాగాన్ని దాని సొంత వ్యవస్థ ఆక్రమిస్తుంది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో 32 గిగాబైట్ల చోటు ఉండగా, ఆడేవారికి మిగిలేది అంతకంటె తక్కువే. కనుక లెక్కలో కొంత వెసులుబాటు ఉంచుకోవాలి.

అసలైన మోసం వేరొకటి ఉంది. కొన్ని నకిలీ కార్డులు తమ లోపలి చోటును అబద్ధంగా చూపుతాయి. ఎనిమిదో పదహారో గిగాబైట్లు గల కార్డు తనలో 512 ఉన్నట్లు యంత్రానికి చెబుతుంది. మొదట కొన్ని ఆటలు చక్కగా ఎక్కుతాయి. నిజమైన చోటు నిండగానే కొత్తవి ఎక్కినట్లే కనిపించి చెడిపోతాయి, లేదా పాతవాటిని చెరిపివేస్తాయి. అసాధారణంగా తక్కువ ధర పలికే కార్డును అనుమానించడం, కొన్న వెంటనే కార్డునంతటినీ ఒకసారి నింపి తిరిగి చదివి పరీక్షించడం దీనికి విరుగుడు. ఆ పరీక్షకు తగిన సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే లభిస్తాయి.

కార్డు రకం కూడా ముఖ్యమే. తొలి స్విచ్ సాధారణ మైక్రో ఎస్‌డీ కార్డును స్వీకరిస్తుంది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 ఆటల నిల్వకు మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే వేగవంతమైన, ఖరీదైన రకాన్నే ఒప్పుకుంటుంది. పాత కార్డు కొత్త యంత్రానికి పనికివస్తుందన్న నమ్మకంతో ముందుగానే పెద్ద కార్డు కొన్నవారికి ఇది ఆశాభంగం. ఇంతకంటె కఠినమైన పాఠం సోనీ సంస్థ 2011లో జపానులో విడుదల చేసిన ప్లేస్టేషన్ వీటా నేర్పింది. అది తన సొంత కార్డును తప్ప మరే కార్డునూ అంగీకరించలేదు. అమెరికాలో యంత్రం ధర 250 డాలర్లు ఉండగా, దాని 32 గిగాబైట్ల కార్డు ఒక్కటే 100 డాలర్లు పలికింది. యంత్రం ధర అంటే పెట్టె మీది ధర ఒక్కటే కాదనీ, అది కోరే కార్డు ధర కూడా అందులో భాగమేననీ కొనుగోలుదారు గుర్తించాలి.

ఇక అన్నింటికంటె లోతైన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. కొన్న ఆట నిజంగా ఎవరిది? ఆట రెండు రూపాలలో లభిస్తుంది. ఒకటి చేతికందే కార్ట్రిడ్జ్, రెండవది అంతర్జాలం నుంచి దించుకొనే డౌన్‌లోడ్. కార్ట్రిడ్జ్‌ను స్నేహితునికి ఎరువివ్వవచ్చు, ఆడి ముగించాక అమ్మవచ్చు, తమ్మునికి అప్పగించవచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఆటకు చాలావరకు ఈ స్వేచ్ఛ లేదు. అక్కడ డబ్బు చెల్లించి పొందేది ఆడుకొనే అనుమతి మాత్రమే. అందుకే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. ఇటువంటి సరుకు అమ్మేవారు అది అనుమతి మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలని ఆ చట్టం నిర్దేశిస్తుంది. అది 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

అంతర్జాల దుకాణం ఎల్లకాలం తెరచి ఉండదు. నింటెండో 3డీఎస్ అనే చేతి యంత్రానికి చెందిన దుకాణం 2023 మార్చి 27న మూతపడింది. అంతకుముందు కొన్నవారికి తిరిగి దించుకొనే అవకాశం మిగిలినా, అక్కడ మాత్రమే లభించిన ఆటలను కొత్తగా కొనే దారి మూసుకుపోయింది. 2021లో సోనీ కూడా వీటా దుకాణాన్ని మూసివేస్తామని ప్రకటించింది. ఆటగాళ్ళ నిరసన వెల్లువెత్తడంతో కొద్ది వారాలలోనే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకొంది. కొనుగోలుదారుల మాటకు బలం ఉందని ఈ సంఘటన చాటింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం అంగడిలో లభించడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వెల్లడించింది. ఒక కాలపు పిల్లలు ఆడిన ఆటలు మరుసటి కాలపు పిల్లలకు అందకుండా పోవడం సాంస్కృతికంగా చిన్న నష్టం కాదు.

డౌన్‌లోడ్‌ను సమర్థించేవారి వాదనలోనూ బలం ఉంది. ఆటల దుకాణం లేని ఊళ్ళోని విద్యార్థికి అంతర్జాలమే అంగడి. స్వతంత్ర నిర్మాతల చిన్న ఆటలు అనేకం అక్కడ తప్ప మరెక్కడా దొరకవు. కార్డు పోయినా కొనుగోలు పోదు. కార్ట్రిడ్జ్ కూడా అమరం కాదు. పాత గేమ్ బాయ్ పోకెమాన్ ఆటలలో ఆటగాడు సాధించిన ప్రగతిని నిలిపేది లోపలి చిన్న బ్యాటరీ. ఏళ్ళు గడిచి ఆ బ్యాటరీ ఖాళీ కాగానే ఆ ప్రగతి చెరిగిపోయింది. స్విచ్ 2 కోసం అమ్మే గేమ్-కీ కార్డులలో ఆట ఉండనే ఉండదు. తాళంచెవి వంటి ఆ కార్డును పెట్టి ఆటను అంతర్జాలం నుంచి దించుకోవలసిందే. చేతికి అందే కార్డు కనిపించినంత మాత్రాన ఆట అందులో ఉందని నమ్మరాదు.

కనుక రెండింటిలో ఒకదానిని గుడ్డిగా పట్టుకోవడం తగదు. మళ్ళీ మళ్ళీ ఆడాలనుకొనే, ఇతరులతో పంచుకోవాలనుకొనే కొద్దిపాటి ఆటలను వీలైనంతవరకు పూర్తి ఆట గల కార్ట్రిడ్జ్‌గా కొనడం మేలు. చిన్నవి, చవకైనవి, అప్పుడప్పుడు ఆడేవి డౌన్‌లోడ్‌గా ఉంచుకోవచ్చు. ఆడి ముగించినవాటిని కార్డులోనుంచి తొలగిస్తే చోటు దానంతటదే దొరుకుతుంది. కొన్నవారి ఖాతాలో ఆట భద్రంగానే ఉంటుంది గనుక అవసరమైతే, దుకాణం నడుస్తున్నంతకాలం, మళ్ళీ దించుకోవచ్చు. తొలగించే ముందు ప్రగతి ఎక్కడ నిలుస్తున్నదో తెలుసుకోవాలి. స్విచ్‌లో ఆటగాని ప్రగతి యంత్రంలోనే నిలుస్తుంది గాని మెమరీ కార్డులో కాదు. ఈ ఒక్క విషయం తెలిస్తే కార్డు పోయిందని దిగులుపడనవసరం ఉండదు. యంత్రాన్ని మరింత జాగ్రత్తగా చూసుకోవడమూ అలవడుతుంది.

మంచమున్నంత వరకే కాళ్ళు చాచుకోవాలని పెద్దలు చెప్పారు. ఇక్కడ ఆ మంచం మెమరీ కార్డు కాదు. కార్డును ఎంతైనా పెంచవచ్చు. ఇరవై నాలుగు గంటల దినాన్ని ఎవరూ పెంచలేరు. తల్లిదండ్రుల సంపాదనతో ఆట కొనే విద్యార్థి ఆ రెండింటినీ దృష్టిలో ఉంచుకోవాలి. ముందు కాగితంపై తాను ఆడదలచిన అయిదు ఆటల పేర్లు, వాటి పక్కన అవి కోరే చోటు రాసుకొని, ఆ మొత్తానికి కొంచెం మించిన కార్డును కొంటే చాలు. ఆ అయిదింటిలో రెండు మిగిలిపోయి ఉండగా ఆరవదాని జోలికి పోకపోవడం ఉత్తమం. ఏది కావాలో, ఏది అక్కరలేదో తేల్చుకొనే ఈ అలవాటు ఆటతో మొదలైనా, పుస్తకాల ఎంపికలోనూ, రేపటి సంపాదన ఖర్చులోనూ అంతే ఉపయోగపడుతుంది.